కుందులు తోమే పేస్టు

"ఆ డబ్బీ ఇలా ఇచ్చెయ్ మామ్మా. బయట పారేసొస్తాను."

"పారేత్తావేటి? నీ బాబు సొమ్మేటి?"

"అవును, బాబు సొమ్మే. అందులో ఉన్న పేస్టు బాబు కొన్నదే కదా!"

"కొన్నది నీ బాబే. కోసింది నాను, గోకింది నాను, దాసింది నాను. డబ్బీ నాది."

"ఆ డబ్బీ వల్లే నా పనంతా ఖతమ్ అయిపోయింది. తెలుస్తోందా నీకు? మొత్తం ఖతమ్."

"నా డబ్బీ కాళ్ళొచ్చి నడుసుకుంటా నీ మిషన్లో దూరిందేటే? తీసింది నువ్వు, రాసింది నువ్వు. మజ్జిన నానేటి సేసినాను?"

"పక్కన కూచుని, అలా కాదు ఇలా తోము అని చెప్పింది ఎవరు?"

"తోమడం సెప్పినాను. దేన్ని దేంతో తోమాలో అంత సదువు సదివినదానివి, నీకు తెలవద్దేటి?"

నా మనవరాలు అప్పుడే ల్యాబు నుంచి వచ్చింది. వంటింటి గుమ్మంలో చెప్పులతోనే నిలబడి ఉంది. మా ఇంట్లో చెప్పులు వీధి గుమ్మం దాటి లోపలికి రావు. ఆ సాయంత్రం వచ్చాయి. చూశాను. డబ్బీని ఒళ్ళో పెట్టుకుని, మీద కొంగు కప్పి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

అది మా ఆయన జర్దా డబ్బీ. ఆయన గూడ్స్ బళ్ళకి గార్డు. ఆయన పోయాక జర్దా పారేసి, డబ్బీ ఎండలో పెట్టి, వాసన పోయేదాకా కడిగి వాడుకుంటున్నాను. టూత్‌పేస్టు ట్యూబు అయిపోయిందని అందరూ పారేస్తారు. నిజానికి అది అయిపోదు. అప్పడాల కర్రతో కింద నుంచి పైకి ఒత్తితే ఇంకొన్నాళ్ళు వస్తుంది. ఆ తర్వాత కత్తెరతో నిలువుగా కోస్తే లోపల రెండు వైపులా అంటుకుని ఇంకా ఉంటుంది. దాన్ని చెంచా కాడతో గోకి డబ్బీలో వేస్తాను. ఆ పేస్టు పళ్ళకి వాడం. వెండి కుందులకి వాడతాం.

మా అమ్మ నాకిచ్చిన వెండి కుందులు ఒక జత ఉన్నాయి. ఇత్తడికి చింతపండు చాలు. వెండికి బూడిద పెడితే గీతలు పడతాయి. మెత్తటి తడి గుడ్డ మీద ఇంత పేస్టు తీసుకుని ఒకే వైపు రుద్దితే నలుపంతా గుడ్డకి వచ్చేస్తుంది. ఈ ఊళ్ళో వెండి బేగి నల్లబడుతుంది. మా ఇల్లు బిలాసపూర్లో, తోర్వా అనే పేటలో, పట్టాలకి దగ్గర. రిటైరై రైల్వే క్వార్టరు ఖాళీ చేశాక కట్టుకున్న రెండు గదులు. బొగ్గు బళ్ళు ఎప్పుడూ పోతూనే ఉంటాయి. కిటికీ చువ్వ మీద వేలు పెడితే వేలు నల్లగా వస్తుంది. ఆరేసిన బట్ట దులపకుండా మడత పెట్టలేం. అలాంటి చోట కుందులు తెల్లగా ఉంచడం రోజూ మెడ మీద ఉండే పని. ఆ పని మనవరాలికి చిన్నప్పుడే అప్పజెప్పాను.

చిన్నప్పుడు అంటే దాని తల్లి పోయిన తర్వాత. తల్లి జ్వరంతో రైల్వే ఆస్పత్రికి నడిచి వెళ్ళింది, తిరిగి రాలేదు. నా కొడుకు సీపత్ పవర్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. పిల్ల నా చేతుల్లో పడింది. నాకు ముద్దు చెయ్యడం రాదు. పని నేర్పడం వచ్చు. రైల్వే బడిలో తెలుగు క్లాసులో నాలుగు దాకా చదివి మానేసినదాన్ని, దానికి పుస్తకం నేర్పలేను. అన్నం పారబొయ్యకూడదని నేర్పాను. సబ్బు ముక్క అరిగిపోతే కొత్త సబ్బుకి అతికించాలని నేర్పాను. తిన్న కంచం తిన్నవాళ్ళే కడగాలని నేర్పాను. ఇది మా ఇంట్లో మా ఆయన ఉన్నప్పటి నుంచీ ఉన్న కట్టడి. ఆయన ఎంత దూరం డ్యూటీ చేసొచ్చినా, కళ్ళు మూతలు పడుతున్నా, తిన్న కంచం తనే కడిగి బోర్లించి పడుకునేవారు. ఒకరి ఎంగిలి ఒకరికి వదలడం ఆయనకి నచ్చదు. ఈ పిల్ల కుళాయి అందని వయసులో పీటెక్కి నిలబడి కడిగేది. చేతులు చిన్నవి, కంచం పెద్దది, సగం నీళ్ళు గౌను మీదే పోసుకునేది. నేను సాయం చెయ్యలేదు.

అలా పెరిగిన పిల్ల ఊరి బయట ల్యాబులో పెద్ద మిషన్ దగ్గర చేరింది. పీహెచ్‌డీ అంది. మొదట్లో అది చదువో ఉద్యోగమో నాకు తెలియలేదు. నెలనెలా స్కాలర్‌షిప్ వస్తోంది గనక ఉద్యోగమే అనుకున్నాను. అది కొన్నాళ్ళకే అని, ఆ గడువు దగ్గర పడిందని తర్వాత తెలిసింది.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం అది జేబురుమాల్లో ఏవో చుట్టుకుని తెచ్చింది. విప్పితే గుండ్రటి లోహపు బిళ్ళలు. పలచగా, మసకగా, అక్కడక్కడ గీతలతో ఉన్నాయి.

"ఏటే అవి? ఎండా?"

"వెండి కాదు మామ్మా, టాంటలం. సీనియర్లు వాడి పక్కన పడేసినవి. కొత్తవి కొన్ని ఉన్నాయిగాని అవి ఆఖరి రోజులకి దాచాలి. ఇవి బాగా మెరిసేలా తోమితే మళ్ళీ పనికొస్తాయి."

నాకు లోపల సంతోషం వేసింది. ఇంత చదివినా పారేసినదాన్ని ఏరుకొచ్చే బుద్ధి పోలేదు. పైకి మాత్రం, "తోముతావా, రుమాల్లో పెట్టుకుని సూత్తా కూకుంటావా?" అన్నాను.

అది నా డబ్బీ తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చున్నాను. తోముతూనే చెప్పింది. ఈ బిళ్ళ మీద నైట్రోజన్ పలచటి పూతగా వేస్తారట. ఆ పూత మీదికి మిషన్‌లోంచి హైడ్రోజన్ రవ్వల్ని వదులుతారట. అదే బీమ్. నక్షత్రం లోపల మంట ఎలా మండుతోందో దాంతో తెలుస్తుందట.

"నచ్చత్రం ఆకాశంలో ఉంటే బిలాసపూర్లో ఏటి తెలుస్తాదే?"

"లోపల జరిగేదే ఇక్కడ చేస్తాం మామ్మా. నక్షత్రంలో హైడ్రోజన్ ఊరికే మండదు. పెద్ద నక్షత్రాల్లో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ చేతులు మారుతూ మండుతుంది. గుండ్రంగా తిరుగుతుంది. కార్బన్ దగ్గర బేగి అవుతుంది. నైట్రోజన్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది. చాలా, చాలా నెమ్మది. మిగతా అందరూ దాని కోసం కాచుకోవాలి."

"అంటే మజ్జిలో సింగిల్ లైన్ అన్నమాట. అటూ ఇటూ ఎన్ని బళ్ళుంటే ఏటి? ఆ ముక్క దాటితే గదా ముందుకెల్లేది."

అది తోమడం ఆపి నా వైపు చూసింది. "అరే వాహ్ మామ్మా! బస్, అదే. ఆ సింగిల్ లైన్ దాటడానికి ఎంత సేపు పడుతుందో కొలవడమే నా పని. అది తెలిస్తే ముసలి నక్షత్రాల వయసు చెప్పొచ్చు."

"ఆటి వయసు తెలిసి నీకేటి ఒస్తాది? నీ వయసు తెలుస్తోందా నీకు?"

"మొదలెట్టేసేవా పెళ్ళి గోల?"

"పెళ్ళి మాట నానెత్తినానేటి? అలగ గుండ్రంగా తిప్పకు, గీతలు పడతాయి. ఒకే వైపు లాగు. గుడ్డ ఇంకొంచెం తడుపు."

అది ఒకే వైపు లాగింది. బిళ్ళ అద్దంలా వచ్చింది. అందులో దాని ముక్కు, నా ముక్కు కనబడ్డాయి.

గట్టిగా కొడితే సరిపోదా, ఇంత బాధ ఎందుకు అని కూడా అడిగాను. గట్టిగా కొడితే బోలెడు తగులుతాయిట. కాని నక్షత్రం లోపల అంత గట్టిగా కొట్టుకోవట. అందుకని ఇక్కడా మెల్లగానే వదలాలి. మెల్లగా వదిలితే ఎక్కువ భాగం తగలకుండానే పోతుంది. ఎప్పుడో ఒకటి అంటుకుంటుంది. అంటుకున్నప్పుడు కంటికి కనబడని వెలుగొకటి పుడుతుంది. దాన్ని పట్టుకోవడానికి డిటెక్టర్ అని ఒకటి, దాని చుట్టూ సీసం ఇటుకలు. గోడల్లోంచి, నేలలోంచి, ఆకాశంలోంచి వచ్చే వెలుగు లెక్కలోకి రాకూడదని ఆ గోడ. నక్షత్రం అంత నెమ్మదిగా ఖర్చు పెట్టుకుంటుంది గనకే అన్నాళ్ళు బతుకుతోంది అని చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది. ఆ రోజు నుంచి నక్షత్రాలంటే కొంచెం గౌరవం వచ్చింది.

ఆ మిషన్ దానొక్కదానిది కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి వాడుకుంటారు. ఒకరి తర్వాత ఒకరికి వంతు. దాని వంతు హోలీ వెళ్ళాక వచ్చింది. ఇదే ఆఖరి వంతు. మళ్ళీ వచ్చేలోగా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. దాని గైడు సారు ముందే చెప్పారట, ఈసారి కొలత వస్తే పుస్తకం రాసి ఇచ్చెయ్యొచ్చు, రాకపోతే నా చేతుల్లో లేదు అని. నా కొడుకూ ముందే చెప్పాడు. ప్లాంటులో ఒక కాంట్రాక్టరు బొగ్గు, బూడిద పరీక్ష చేసే ల్యాబు నడుపుతున్నాడు. అక్కడ ఒక పోస్టుంది. ఈసారి అవకపోతే అందులో చేరాలి. అది ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు ఓడిపోతానని అనుకోలేదు.

నా మాట అడిగితే నేను మొదటి నుంచీ బూడిద ల్యాబు వైపే. నెల జీతం వస్తుంది, తండ్రితో బస్సులో వెళ్ళి తండ్రితో బస్సులో వస్తుంది. ఆ మాట దాని మొహం మీదే చాలాసార్లు అన్నాను.

వంతు మొదలయ్యాక అది ఇంటికి వచ్చేది, స్నానం చేసేది, కూర్చునే నిద్రపోయేది, మళ్ళీ వెళ్ళేది. ఒక రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనకాల నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు.

"మామ్మా, వస్తోంది!"

"ఏటి ఒస్తోంది?"

"నైట్రోజన్ వెలుగు. ఎక్కడ రావాలో అక్కడే వస్తోంది. స్క్రీన్ మీద కొండలా లేస్తోంది. సార్ సమోసాలు తెప్పించేరు!"

ఫోన్ పెట్టేసి కుందులు తీశాను. పండగ లేదు, శుక్రవారం కాదు. అయినా పేస్టుతో తోమి, నూనె పోసి, దేవుడి దగ్గర వెలిగించాను. నూనె ఎక్కువ పోశానని తర్వాత అనిపించింది.

రెండో పూటకి దాని గొంతు మారింది. సారుకి అనుమానం వచ్చిందట. ఇంత మెల్లగా వదిలిన బీమ్‌కి అంత కొండ లేవకూడదు. నక్షత్రం ఇంత దుబారా మనిషైతే ఎప్పుడో ఆరిపోయేది కదా అన్నారట. అందుకని ఆయన అదే తీరుగా తోమిన ఇంకో బిళ్ళని, నైట్రోజన్ పూత వెయ్యనిదాన్ని, ఖాళీదాన్ని లోపల పెట్టించారు. నైట్రోజన్ లేదు గనక ఏమీ రాకూడదు.

అదే కొండ వచ్చింది. అంతే ఎత్తుగా.

బిళ్ళలు దేంతో తోమావు అని సారు అడిగారు. ఇది చెప్పింది. ఆయన మొదట నవ్వారట. తర్వాత కుర్చీలో కూలబడ్డారట. పళ్ళు పుచ్చకుండా పేస్టులో ఫ్లోరిన్ కలుపుతారు. హైడ్రోజన్ తగిలితే ఆ ఫ్లోరిన్ కూడా వెలుగు ఇస్తుంది. నైట్రోజన్ వెలుగు ఎక్కడ రావాలో దాదాపు అక్కడే ఇస్తుంది. నైట్రోజన్ లాగ పిసినారిగా కాదు, దోసిళ్ళతో ఇస్తుంది. తోమినప్పుడు బిళ్ళల గీతల్లో దూరి కడిగినా పోకుండా ఉన్న ఇంత ఫ్లోరిన్ దాని కొలతని మింగేసింది. బీమ్ తగిలి, బిళ్ళ పెట్టే చాంబర్ లోపల గోడలకి కూడా అంటుకుంది. దాచిపెట్టిన కొత్త బిళ్ళలు పెట్టి చూశారు. చాంబర్ గోడలోంచి కూడా అదే కొండ వస్తోంది. అంతలో వంతు అయిపోయింది.

ఆ కబురు పట్టుకుని వచ్చి నిలబడింది గుమ్మంలో, చెప్పులతో.

ఇప్పుడు మళ్ళీ ఆ జగడం దగ్గరకి వస్తాను. దేన్ని దేంతో తోమాలో నీకు తెలవద్దా అన్నాక అది గుమ్మానికి ఆనుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకు తెలుసు మామ్మా. పేస్టులో ఫ్లోరిన్ ఉంటుందని నాకు తెలుసు. డెంటిస్టు చెప్పినప్పుడు నేనే కదా నీకు తెచ్చిచ్చేను. చేతిలో ఉన్నది పేస్టని అనిపించలేదు. కుందుల మందు అనిపించింది. పుట్టినప్పటి నుంచీ డబ్బీలో ఉన్నది కుందుల మందే కదా."

అది నిజం. ఈ ఫ్లోరిన్ పేస్టు మా ఇంట్లోకి తెచ్చింది అదే. అంతకు ముందు వాళ్ళిద్దరూ ఏదో మామూలు పేస్టు వాడినా, నేను మాత్రం బొగ్గుపొడి, ఉప్పు వేసి పళ్ళు తోముకునేదాన్ని. చిగుళ్ళు పాడయ్యాయని డాక్టరు దగ్గరకి లాక్కెళ్ళి పేస్టుకి మార్పించింది. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. జగడంలో ఉన్నాను గనక అనేశాను కూడా.

"ఆ పేస్టు తెచ్చి ఇంట్లో ఎట్టింది నువ్వే. నా బొగ్గుపొడి నాకుంటే నీ మిషన్ బాగుండును."

"అచ్ఛా! ఇప్పుడు నీ పళ్ళు కూడా నా తప్పేనా?"

"నా పళ్ళు నా తప్పు. నీ బిళ్ళలు నీ తప్పు."

"అవును, నా తప్పే! కొత్తవి వాడి ఉంటే అయిపోయేది. దాచడం ఎవరు నేర్పేరు మామ్మా? పాతది వాడు, కొత్తది దాచు. పాతది వాడు, కొత్తది దాచు. ఈ ఇంట్లో కొత్త గుడ్డ కట్టుకుని నువ్వెప్పుడైనా బయటకెళ్ళేవా? పెట్టెలో చీరలు మడతల మీద చిరిగిపోతున్నాయి!"

"సెప్పులిప్పు" అన్నాను. అది విప్పి, వాటిని చేత్తో పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి పెట్టి వచ్చింది. నేలంతా చెప్పుల జాడలు. బొగ్గు దుమ్ము కదా, నల్లగా కనిపిస్తున్నాయి. తడిగుడ్డ పెట్టి అదే తుడిచింది.

నా కొడుకు డ్యూటీ దిగి వచ్చేసరికి మేమిద్దరం చెరో మూల ఉన్నాం. వాడికి ఫోన్లోనే తెలిసినట్టుంది. గట్టిగా ఏమీ అడగలేదు.

"సారేటన్నారు?"

"మళ్ళీ వంతు వచ్చేసరికి నా స్కాలర్‌షిప్ ఉండదు బాబూ."

"అయితే రేపు నాతో రా. కాంట్రాక్టరు మనిషి రేపొస్తున్నాడు. కాయితాలు ఇచ్చేద్దాం."

"వస్తాను."

ఒక్క మాట. వాదన లేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నా వాదించే పిల్ల. నేను చాలాకాలంగా అడుగుతున్నది అదే, వచ్చేసింది. అయినా ఆ పూట నాకు ముద్ద దిగలేదు. కంచంలో అన్నం వదలకూడదని నేను పెట్టిన కట్టడి గనక నీళ్ళు పోసుకుని మింగాను. అది తిని లేచి కంచం కడగడానికి వెళ్ళింది. కుళాయి కింద కంచం పట్టుకుని నిలబడి, వేళ్ళతో మధ్యలో రుద్దుతోంది. కంచం ఎప్పుడో తెల్లబడింది. అయినా రుద్దుతూనే ఉంది. నీళ్ళు దుబారా అవుతున్నాయని అందామనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న మామూలుగానే తెల్లారింది. అది తల దువ్వుకుని, ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా కొడుకు కింద పీట వేసుకుని ఉప్మా తింటున్నాడు. డబ్బీ వంట గట్టు మీద అందేటట్టే పెట్టి ఉంచాను. అది చూసింది. ముట్టుకోలేదు.

అంతలో సారు ఫోన్ చేశారు. ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు గనక స్పీకర్ పెట్టుకుంది. ఆయన హిందీలో, కోపం లేకుండా మాట్లాడారు. తర్వాతి వంతు వాళ్ళు బయటి ఊరు నుంచి వచ్చేశారు, చాంబర్ విప్పి లోపలంతా శుభ్రం చెయ్యాలి, లేకపోతే వాళ్ళ కొలతలోకి కూడా మీ ఫ్లోరిన్ వస్తుంది. నువ్వు రాలేకపోతే వేరే పిల్లలు చేస్తారు, కానీ లోపల ఏ ముక్క ఎలా బిగించావో నీకే తెలుసు అన్నారు.

"మై బతాతీ హూఁ సర్" అని, ఏ సంగతీ చెప్తానని ఇది ఫోన్ పెట్టేసింది.

నా కొడుకు ముద్ద నోట్లో పెట్టుకోకుండానే అన్నాడు. "ఆళ్ళే సేసుకుంటారు. నీ టర్న్ అయిపోనాది కదా. ఇవాళ రాకపోతే ఆ పోస్టు ఇంకెవడికో ఇచ్చేత్తాడు. ఎవులి కోసం?"

అది ఫైలు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఆఖరికి నా వైపు చూసింది. నేను ఏమంటానో దానికి తెలుసనుకుంటాను. బూడిద ల్యాబు మాట ఇంట్లో అందరికంటె ఎక్కువసార్లు అన్నది నేనే.

"కంచం కడక్కుండా లెగిసెలిపోతావేటే?" అన్నాను.

"అమ్మా, అది కంచమేటి?" అన్నాడు కొడుకు.

"మరేటి? తిన్నది అదే కదా. దాని ఎంగిలి ఇంకొకలు తియ్యాలేటి?"

"ఉద్యోగం పోతాదమ్మా."

"పోతాది" అన్నాను.

అది లేచింది. ఫైలు అలమారలో పెట్టింది. నేను పెట్టె తెరిచి, బొంతలోకని దాచిన పాత నూలు చీర తీశాను. ఉతికి ఉతికి పత్తిలా అయింది. చించబోతే అది నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు మామ్మా. అక్కడ వేరే గుడ్డలుంటాయి."

"ఇది ఉత్త నీళ్ళలో జాడించిందే. సబ్బు లేదు."

"తెలుసు. అయినా వద్దు. ఇంట్లోంచి ఇంక ఏదీ తీసుకెళ్ళను."

కోపంగా అనలేదు. చేతులు ఉత్త నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని, చున్నీకి తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుని, స్కూటీ తీసుకుని వెళ్ళిపోయింది. నేను చీర మళ్ళీ మడత పెట్టి పెట్టెలో పెట్టాను.

వీధి చివర ప్లాంటు బస్సు హారన్ కొట్టింది. నా కొడుకు లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, టిఫిన్ డబ్బా తీసుకోలేదు. వీధిలోకి వెళ్ళిపోయాడు. వాడి కంచం పీట పక్కన అలాగే ఉంది, అంచున ఉప్మా అంటుకుని. మా ఇంట్లో ఒకరి కంచం ఇంకొకరికి మిగలడం నేను ఎప్పుడూ చూడలేదు.

బొగ్గు బండి ఒకటి పోయేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత లేచి, కుళాయి దగ్గరకి తీసుకెళ్ళి కడిగి బోర్లించాను.